సేవ చేయువారికి సేవ

శాస్త్రము తపస్సును రెండు విధములుగా విభజించినది. ఉపవాసాదులు ఆరును బాహ్యతపస్సులు. ప్రాయశ్చిత్తము, వినయము, వైయావృత్త్యము, స్వాధ్యాయము, వ్యుత్సర్గము, ధ్యానము అను ఆరును ఆభ్యంతర తపస్సులు. వైయావృత్త్యమనగా సేవ. ఆచార్యులు మొదలుకొని పది విధములవారికి ఇది చేయదగినదని ఉమాస్వాతి తత్త్వార్థసూత్రమున చెప్పెను. ఆ పదింటిలో గ్లానుడు, అనగా రోగి, ఒకడు. ఇది సాధుసంఘమును గూర్చిన మాటయే అయినను, శ్రావకుల యిండ్లలో మంచము పట్టిన పెద్దలకు జరుగు సేవయందును ఆ భావమే వెలుగుచున్నది.

నందిషేణముని కథ జైనులకు కొత్త కాదు. దేవత రోగియైన సాధువు వేషమున వచ్చి పరీక్షింపగా, దూషణములను, మాలిన్యమును సహించి ఆ రోగిని భుజములపై మోసికొనిపోయిన మహానుభావుడతడు. ఆ సహనమును అందరును కొనియాడుదురు. కాని మోయువాని భుజములు నొచ్చినవా యని అడుగువారు అరుదు.

బళ్లారి బజారులో ఒక వ్యాపార కుటుంబము ఉన్నదనుకొనుడు. అత్తగారికి పక్షవాతము. రెండు గంటలకొకమారు ప్రక్క మార్చనిచో ఒంటిపై పుండ్లు పడును. మగవారు తెల్లవారగానే దుకాణమునకు పోవుదురు. భారమంతయు కోడలిది. చౌవిహారము పాటించు ఇల్లు గనుక ప్రొద్దుండగానే అత్తగారికి మెత్తగా కలిపిన అన్నము తినిపింపవలెను. ఒక్కొక్క ముద్దకును ఎంతో సమయము పట్టును. ఆమె మూతి తుడిచి, పక్క సర్ది, కోడలు వంటయింటిలోనికి వచ్చునప్పటికి ప్రొద్దు క్రుంకును. ఇక ఆమెకు అన్నము లేదు, నీరును లేదు. మరునాడు నవకారసి వేళ వరకు అంతే. ఆమె సంకల్పించి స్వీకరించిన ఉపవాసమైనచో అది తపస్సే. ఇంటివారు గమనింపనందున కలిగినది మాత్రము పస్తు.

నెలలు గడచుకొలది నడుము నొప్పి, నిద్రలేమి, చిరాకు చేరును. ఒకనాడు అత్తగారిపై విసుగుకొని, ఆపై తానే చాటున కన్నీరు పెట్టుకొని, తనలో భక్తి లోపించినదని కుములును. ఆమెకు కొరవడినవి నిద్ర, ఆహారము, తోడు మాత్రమే.

ఈ విషయమును పూర్వాచార్యులు ఏనాడో ఆలోచించిరి. శివార్యుని భగవతీ ఆరాధనయందు సల్లేఖన స్వీకరించిన క్షపకునికి పరిచర్య చేయు నిర్యాపకుల వివరము కలదు. వారి సంఖ్య 48. నలుగురు చొప్పున పనులు పంచబడినవి: కొందరు లేవదీసి కూర్చుండబెట్టుటకు, కొందరు ధర్మకథలు వినిపించుటకు, కొందరు ఆహారపానీయములు తెచ్చుటకు, కొందరు మలమూత్రములు తొలగించుటకు, కొందరు ద్వారము కాచుటకు. కాలము అనుకూలింపనిచో ఆ సంఖ్య నలుగురి వరకును, కడపట ఇద్దరి వరకును తగ్గవచ్చును. ఒక్కడు మాత్రము కూడదు. ఏలయన, ఒక్కడే అయినచో అతడు రోగిని విడువలేక తన ఆహారనిద్రలను విడుచును. లేదా తన దేహము కొరకు పోయి రోగిని విడుచును. ఏది జరిగినను హానియే. విరాగులైన మునులకే ఇంత యేర్పాటు అవసరమైనప్పుడు, సంసారపు బాధ్యతలు మోయు గృహిణి ఒంటరిగా ఎట్లు నెగ్గుకొనిరాగలదు?

బళ్లారికి సరిహద్దు దాటగానే, గుంతకల్లు చేరువన కొనకొండ్ల యున్నది. కుందకుందాచార్యుల పేరుతో సంప్రదాయము ముడివెట్టిన గ్రామమది. ఆ మహనీయుడు ప్రవచనసారమున బాలుడు, వృద్ధుడు, అలసినవాడు, రోగి తమకు తగిన చర్యను, మూలము తెగకుండునట్లు ఆచరింపవలెనని ఉపదేశించెను. రోగి సరసనే అలసినవానికిని అచట చోటున్నది. కావున రోగిసేవలో అలసిన స్త్రీ ఆ యేడు అఠాయి చేయలేకపోయినచో ఎవరును తక్కువగా చూడరాదు. ఆమె చేయుచున్నది ఆభ్యంతర తపస్సు.

వ్యాపారి చిట్టా, ఆవర్జాలను పైసకు పైస సరిచూచును. ఖర్చే తప్ప జమ లేని ఖాతాను ఎన్నాళ్లో సాగనీయడు. మరి ఇంటిలో ఒకరి బలము నిత్యము ఖర్చగుచుండగా జమ ఏదని ఏల అడుగడు? ప్రొద్దు క్రుంకుటకు గంట ముందు కుమారుడు దుకాణమును గుమాస్తాకు అప్పగించి వచ్చి తల్లికి అన్నము తినిపింపవచ్చును. రాత్రి పాళీలు పంచుకొనవచ్చును. ఆడబిడ్డ నెలకు నాలుగు దినములు వచ్చి నిలువవచ్చును. ఎత్తి దింపు పనికి మనిషిని జీతమిచ్చి పెట్టుకొనుటలో చిన్నతనమేమియు లేదు. వైద్యుడు రోగిని చూడవచ్చినప్పుడు సేవ చేయు ఆమె నడుము నొప్పిని, నిద్రలేమిని, దిగులును కూడ ఆయనకు చెప్పవలెను. పరామర్శకు వచ్చు బంధువులు రోగి ఎట్లున్నదని అడిగిన పిదప, ఆమె భోజనమైనదా యని కూడ అడుగవలెను.

జీవులు ఒకరికొకరు తోడ్పడుట జీవలక్షణమని జైనధర్మము బోధించుచున్నది. ఆ తోడ్పాటు మంచముపైనున్న వారితో ఆగక, మంచము ప్రక్కన మేల్కొనియున్న వారికిని అందిననాడు ఆ ఇంట వైయావృత్త్యము సంపూర్ణమగును.

జై జినేంద్ర.