ఆదిద్రవ్యము, అర్పా నది

లింగియాడీహ్ బిలాసపూరు నగరమున ఒక భాగము. రైల్వే కొలువులకై ఆంధ్రదేశమునుండి తరలివచ్చిన తెలుగు కుటుంబములు తరములుగా ఈ నగరమున నివసించుచున్నవి. ఇచటి నది అర్పా. పెండ్రా ప్రాంతమున పుట్టి శివనాథ్ నదిలో కలియు ఈ యేరు వర్షాకాలమున నిండుగా పారును; వేసవిలో ఇసుకమేటయై మిగులును. నీరు లేనినాడును జనులు దానిని నదియనియే పిలుతురు. అట్లయిన నదియనగా నేమి? నీరా? ఇసుకయా? పేరా?

మారుచున్న వస్తువులలో మారనిదేదియను ప్రశ్న మిక్కిలి ప్రాచీనమైనది. క్రీ.పూ. 6వ శతాబ్దమున ఆసియా మైనరు తీరమునందలి మిలేటస్ పట్టణమున థేలీస్ అనువాడు సర్వమునకు మూలము జలమని చెప్పెను. జీవులను పోషించునదెల్ల తడిగలది యగుటయు, బీజములు తడిగలవి యగుటయు ఆ యభిప్రాయమునకు కారణములై యుండునని అరిస్టాటిల్ తరువాతి కాలమున ఊహించెను. అదే పట్టణమువాడైన అనాక్సిమాండర్ జలమును గాక, హద్దులును నియతరూపమును లేని అపరిమితతత్త్వమును మూలముగా గ్రహించెను. అనాక్సిమెనీస్ వాయువే మూలమనెను. అది పలుచబడిన అగ్నియగును, చిక్కబడిన మేఘమును, నీరును, మన్నును, రాయియు నగును.

ఈ సమాధానములలో నేడు నిలిచినది లేదు. జలము సైతము రెండు వాయువుల సంయోగమని 18వ శతాబ్దాంతమున తేలెను. అయినను వారి ఘనత తగ్గదు. లోకమును లోకములోని వస్తువుచేతనే వివరింపవచ్చునని వారు నమ్మిరి. పూర్వుల మాటను హేతువుతో పరీక్షించిరి.

కాని వారి ప్రశ్నలోనే ఒక చిక్కు కలదు. మూలద్రవ్యమే సత్యమైనచో, అర్పా ఎండుట నష్టము కానేరదు. నీరు ఆవిరియై, మేఘమై, మరియొకచోట కురియును. ద్రవ్యమున ఒక బొట్టైనను తగ్గదు. ఈ లెక్క తప్పు కాదు. అయినను ఒడ్డున బావి యెండిన గృహస్థునికి ఈ మాట ఓదార్పు కాజాలదు. అతడు పోగొట్టుకొనినది ద్రవ్యమును కాదు, నదిని.

ఇచట నాగార్జునాచార్యుని తలంపవలయును. కృష్ణాతీరమునందలి నాగార్జునకొండ ఆయన పేరుతో వెలసినది. క్రీ.శ. 7వ శతాబ్దమున భారతదేశమున సంచరించిన హ్యూయాన్‌త్సాంగ్ ఆయనకు కోసలదేశముతో సంబంధము కలదని వ్రాసెను. ఆ కోసలము దక్షిణకోసలము. బిలాసపూరు ప్రాంతము అందులోనిదే. గ్రీకులు వస్తువులకు అడుగున నున్నదేదియని యడిగిరి. నాగార్జునుడు అడుగున ఏదియో ఉండితీరవలయునా యని యడిగెను. ప్రతి వస్తువును ఇతరములపై ఆధారపడి పుట్టునదే; దేనికిని తనంతట తానై నిలుచు స్వభావము లేదు. దీనినే ఆయన శూన్యత యనెను.

స్వభావము లేనినాడు నది మిథ్యయే గదా, దానికై చింతయేల యని ఒకరు ఆక్షేపింపవచ్చును. ఆచార్యుని సమాధానము దీనికి విపరీతము. స్వభావము స్థిరమైనచో ఏదియు పుట్టదు, మారదు, ఏ కర్మకును ఫలముండదు. ఆధారపడి యుండుటచేతనే మార్పు సాధ్యము. మార్పు సాధ్యమగుటచేతనే మన చేతకు విలువ. అర్పా అడవిపై, వానపై, ఇసుకపై, ఒడ్డున నివసించువారి నడవడిపై ఆధారపడి యున్నది. ఇసుకను మితిమీరి త్రవ్వి, మురుగును వదలినచో జలతత్త్వమునకు లోటు రాదు, నదికి వచ్చును.

ఆదిద్రవ్యమును అన్వేషించుట బుద్ధికి గొప్ప శిక్షణ. కాని నశింపనిదానికి రక్షకుని యవసరము లేదు. నశించునదే మన పూచీ.