ఆరవలసిన గాయము



నాగజెముడు మనకు క్రొత్త మొక్క కాదు. చేనిగట్టులమీదను ఊరి వెలుపలను దానిని చూచుచునే యున్నాము. అమెరికా ఖండమునుండి వచ్చిన ఈ మొక్క దక్షిణదేశములో విస్తారముగా వ్యాపింపగా, 1926లో సింహళమునుండి తెచ్చిన ఒక చిన్న పురుగు దాని పొదలను చాలమట్టుకు నశింపజేసెను. నేడైతే ముండ్లు లేని రకమును పశువుల మేతకొరకు మెట్టనేలలలో కోరి పెంచుచున్నారు.

దీనిని నాటుటకు విత్తనముతో పనిలేదు. ఒక పచ్చని మట్టను కణుపువద్ద కోసి నాటిన చాలును. అయితే కోసిన దినముననే నాటి నీళ్లు పోసినయెడల ఆ పచ్చిగాయములోనికి తేమ చేరి మట్ట కుళ్లిపోవును. తెలిసిన రైతు దానిని పది పదిహేను దినములు నీడలో ఉంచును. గాయము ఎండి, దానిపై గట్టి పొర కట్టును. అప్పుడు నీరు నిలువని ఇసుకనేలలో మూడవవంతు పాతిపెట్టును.

మన సంఘములలో మరణము సంభవించిన యింట మనమేమి చేయుచున్నాము? సమాధి మన్ను ఆరకముందే, ఏడ్వవద్దనియు, ఇది దేవుని చిత్తమనియు, విశ్వాసము గలవారు దుఃఖింపరాదనియు మాటలు కుమ్మరించుచున్నాము. మాట మంచిదే, నీళ్లును మంచివే. గాయము పచ్చిగా నున్నప్పుడు మంచి నీరే కుళ్లజేయును. యోబు స్నేహితులు ఏడు దినములు అతనితోకూడ నేలమీద మౌనముగా కూర్చుండిరి. వారు చేసిన మేలు అదే. నోరు తెరచిన తరువాతనే వారు అతనిని నొప్పించిరి. లాజరు సమాధియొద్ద మన ప్రభువు సహా కన్నీరు విడిచెను గదా!

అయితే నీడలో పెట్టుట వేరు, పారవేయుట వేరు. నాటిన మట్ట వేరు తన్నిన పిమ్మట, నేల బాగుగా ఎండినప్పుడెల్ల కొంచెము నీరు కావలెను. మన తప్పిదము ఇక్కడను ఉన్నది. మొదటి వారము ఇల్లు పట్టనంత జనము. రెండవ నెలలో వాకిట అడుగు పెట్టువాడు లేడు. విధవరాలు ఒంటరిగా ప్రొయ్యి వెలిగించుకొనునది అప్పుడే. చేను దున్నించుటకు మనిషి దొరకనిది అప్పుడే. మన ప్రార్థనయు, మన చేతిసాయమును, గిద్దెడు బియ్యమును అప్పుడే కావలెను.

ఈ మొక్క ఎండవేళ తన సూక్ష్మరంధ్రములను మూసికొని, రాత్రివేళ తెరచి గాలిని తీసికొనును. ఆ పని ఎవరికిని కనబడదు. అట్లే దుఃఖించు హృదయములో దేవుడు రాత్రివేళ చేయు పనిని మనము చూడలేము. తొందరపడి దానిని త్రవ్వి చూడకుందము.

ఈ నెలలో మన ఊరిలో అట్టి యింటిని ఒకదానిని జ్ఞాపకము చేసికొందము. కొద్ది మాటలతో వెళ్లుదము. అయితే మరల మరల వెళ్లుదము. ఓదార్చు దేవుడు మనకందరికి ఆ ఓర్పును దయచేయునుగాక. ఆమేన్.