కత్తిరించిన ఫోటో పాత ఫోటోయేనా?

పెద్ద నలుపు-తెలుపు ప్రింటు కోసం ఈజెల్ ఎంచుకునేవారు తెలియకుండానే ఒక తాత్విక ప్రశ్నకు జవాబు చెప్పేస్తారు. నెగటివ్‌లో పడినదంతా చిత్రమా, లేక కాగితం మీద గీసిన హద్దు లోపలిదే చిత్రమా?

నెగటివ్‌లోని బొమ్మను పెద్దదిగా వేసే ఎన్‌లార్జర్ కింద కాగితాన్ని కదలకుండా, వంకర పోకుండా పట్టి ఉంచే చట్రమే ఈజెల్. దాని బ్లేడ్లు కప్పిన మేర వెలుతురు సోకదు, ఆ భాగం తెల్ల మార్జిన్‌గా మిగులుతుంది. రెండు బ్లేడ్ల రకంలో రెండు పక్కల మార్జిన్లను మార్చుకునే వీలు తక్కువ. నాలుగు బ్లేడ్ల రకంలో ప్రతి అంచునూ విడిగా జరపవచ్చు. మార్జిన్ లేకుండా కాగితం చివరిదాకా బొమ్మ పడనిచ్చే రకమూ ఉంది.

చిక్కంతా కొలతల్లో ఉంది. 35 ఎం.ఎం. నెగటివ్ 24×36 మిల్లీమీటర్లు, అంటే 2:3 నిష్పత్తి. 16×20 అంగుళాల కాగితానిది 4:5. కాగితం నిండా బొమ్మ కావాలంటే నెగటివ్ పొడవులో 6 మి.మీ. వదులుకోవాలి. ఏదీ వదలకూడదనుకుంటే 12×18 అంగుళాల బొమ్మ వేసి, పక్కల ఒక్కో అంగుళం, పైనా కిందా రెండేసి అంగుళాలు తెల్లగా ఉంచవచ్చు. ఇలాంటి అసమాన మార్జిన్లకు నాలుగు బ్లేడ్లే నమ్మకం.

అసలు వదులుకోవడం తప్పా? ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ హెన్రీ కార్టియర్-బ్రెసన్ ఫ్రేమును కత్తిరించడానికి ఒప్పుకోని వాడిగా పేరుపొందాడు. అయినా 1932లో పారిస్‌లోని సాఁ-లజార్ స్టేషన్ వెనుక, నీటి మడుగు మీదుగా దూకుతున్న మనిషిని తీసిన ఆయన ప్రసిద్ధ చిత్రం కత్తిరించినదే. కంచె సందులోంచి తీయడంతో నెగటివ్‌లో ఒక పక్క పలక అడ్డుపడింది. నియమం ఎంత గట్టిదైనా ఆ పలకను చిత్రంలో భాగమనడం కష్టం.

కత్తిరించినది పాతదేనా అన్న సందేహాన్ని మన తార్కికులు బట్టను చూపి చర్చించారు. నూలుపోగులు వేరు, వాటిలో ఉండే వస్త్రమనే మొత్తం, అంటే అవయవి, వేరు అని న్యాయ-వైశేషికుల వాదం. ఒక ముక్క చింపితే పాత వస్త్రం నశించి, మిగిలిన పోగుల్లో ఖండపటమనే కొత్త వస్త్రం పుడుతుందన్నారు. ఆ లెక్కన కత్తిరించిన ప్రింటు పాత చిత్రానికి కొరత కాదు, మరో చిత్రం. బౌద్ధులు అవయవినే ఒప్పుకోలేదు. పోగుల కూర్పును వాడుకకోసం వస్త్రమంటున్నాం, అంతకుమించి వస్తువేదీ లేదన్నారు. అదే నిజమైతే ఫ్రేము మొత్తాన్ని ఉంచడంలోనూ ప్రత్యేక పవిత్రత లేదు. ఫ్రేము హద్దును నిర్ణయించే కెమెరా గేటు కొలత తయారీదారు పెట్టినది, ప్రకృతి గీసినది కాదు. డార్క్‌రూమ్ పనికి ఈ రెండో మాటే దగ్గరగా ఉంది.

హద్దు మారకపోయినా చిత్రం మారుతుందనడానికి అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూమెక్సికోలో తీసిన ‘మూన్‌రైజ్, హెర్నాండెజ్’ సాక్ష్యం. తొలి ప్రింట్లలో మబ్బుజాడలతో తేలికగా ఉన్న ఆకాశం, తరవాతి దశాబ్దాల ప్రింట్లలో దాదాపు నల్లబడింది. నెగటివ్‌ను స్వరలిపితో, ప్రింటును కచేరీతో ఆడమ్స్ పోల్చింది ఊరికే కాదు.

ఫ్రేమంతా ఉంచాలన్నా ఈజెల్ ఒక్కటే చాలదు. ఎన్‌లార్జర్‌లో నెగటివ్‌ను పట్టి ఉంచే క్యారియర్ కూడా అంచులను కొంత కప్పేస్తుంది. అందుకే కొందరు దాని రంధ్రాన్ని ఆకురాయితో వెడల్పు చేసి, బొమ్మ చుట్టూ నల్లగీత కనబడేలా ప్రింటు వేస్తారు. ఇక్కడ పెద్ద ప్రింటు కనికరం చూపదు. 12×18 అంగుళాలకు పెంచితే నెగటివ్ మీది అర మిల్లీమీటరు కాగితం మీద 6 మి.మీ. దాటుతుంది.

అందువల్ల ఈజెల్ కొనేముందు బ్లేడ్ల మూలలను మూలమట్టంతో సరిచూడాలి. అర డిగ్రీ వంకర ఉన్నా 18 అంగుళాల పొడవులో దాదాపు 4 మి.మీ. తేడా వస్తుంది. ఫైబర్ కాగితం చుట్టుకుపోయే రకం కాబట్టి బ్లేడ్లు దాన్ని గట్టిగా అదిమిపట్టాలి, చేయి తగిలినా జరగనంత బరువు ఈజెల్‌కు ఉండాలి.