చీట్లు వేసి చికిత్స చేయవచ్చునా?



ఒకే వార్డులో, ప్రక్కప్రక్క మంచములమీద, పక్షవాతము వచ్చిన ఇద్దరు రోగులు పండుకొనియున్నారు. వైద్యులు ఒకరికి క్రొత్త పద్ధతి చేయింతురు, రెండవవారికి చేయింపరు. ఎవరికి చేయింపవలెనను సంగతి రోగము తీవ్రతనుబట్టి గాని, డబ్బునుబట్టి గాని, కులమునుబట్టి గాని నిర్ణయింపబడలేదు. చీట్లు వేసినట్లుగా కంప్యూటరు నిర్ణయించెను. ఇది న్యాయమా? మనుష్యుని దేహముతో పందెమాడుట కాదా? అని సంఘస్థులలో కొందరు నన్నడిగిరి. అడుగదగిన ప్రశ్నయే. తొందరపడి జవాబు చెప్పదగినది కాదు.

ఇది ఊహించి చెప్పుచున్న మాట కాదు. 2014 జనవరి మొదలుకొని 2016 ఫిబ్రవరి వరకు మన దేశములో 14 ఆసుపత్రులలో 1,250 మంది పక్షవాత రోగులతో ఇట్టి పరిశోధన జరిగెను. దానికి అటెండ్ అని పేరు. మన దేశములో వ్యాయామ చికిత్స చేయించు ఫిజియోథెరపిస్టులు తక్కువ. ఉన్నవారిలో ఎక్కువమంది పట్టణములలోనే యున్నారు. రోగి పల్లెకు తిరిగివచ్చిన తరువాత చేయి చాపించువారెవరు? నిలువబెట్టి నడిపించువారెవరు? భార్యయో, కుమారుడో, కోడలో. అట్లయిన ఆ ఇంటివారికే పని నేర్పినయెడల రోగి మరింత బాగుపడడా అని వైద్యులు తలంచిరి. సగముమంది ఇండ్లవారికి ఆసుపత్రిలోనే రోజుకు సుమారు గంటసేపు చొప్పున మూడు దినములు నేర్పి, తరువాత రెండు నెలలవరకు ఇంటియొద్ద చేయించునట్లు ఏర్పాటు చేసిరి. మిగిలిన సగముమందికి ఆ ఆసుపత్రులలో మామూలుగా జరుగు చికిత్సయే జరిగెను. ఆరు నెలల తరువాత రోగులను పరీక్షించినవారికి ఎవరు ఏ గుంపువారో తెలియనియ్యలేదు.

చీట్లు ఎందుకని అడుగుదురేమో. వైద్యుడే ఏరుకొనినయెడల ఏమగునో ఆలోచించుడి. తనకు తెలియకుండనే అతడు కొంచెము బలముగలవానిని, ప్రేమగల ఇంటివారున్నవానిని క్రొత్త పద్ధతికి ఏరుకొనును. వాడు బాగుపడును. పద్ధతి గొప్పదని పేరు వచ్చును. అంతేగాక పక్షవాతము వచ్చిన తరువాత మొదటి వారములలో, నెలలలో మెదడు తనంతట తానే కొంత సరిదిద్దుకొనును. చచ్చుపడిన చేయి కొందరికి ఏమియు చేయకయే కొంత కదలును. ఆ దినములలో ఎవరేమి చేసినను ఘనత వారికే పోవును. పావురపు నెత్తురు పూయువాడును పల్లెలలో ఇట్లే పేరు తెచ్చుకొనుచున్నాడు. మెదడులో గడ్డకట్టిన నెత్తురును కరిగించు మందును సాధారణముగా నాలుగున్నర గంటలలోపలనే ఇయ్యవలెను. ఆ గంటలు పావురమును వెదకుటలో పోగొట్టుకొనిన ఇండ్లను నేనెరుగుదును.

దానియేలు గ్రంథము మొదటి అధ్యాయమును జ్ఞాపకము చేసికొనుడి. రాజు భోజనముచేత అపవిత్రులగుట ఇష్టములేని నలుగురు యౌవనులకు పది దినములు శాకధాన్యములును నీళ్లును ఇచ్చిరి. తక్కినవారు రాజు భోజనమే తినిరి. పది దినములైన తరువాత రెండు గుంపుల ముఖములను సరిపోల్చి చూచిరి. దానియేలు తన మాటను నమ్ముమని మాత్రము చెప్పి ఊరకుండలేదు. ప్రక్కప్రక్కన నిలువబెట్టి చూడుమనెను. విశ్వాసముగలవాడే పరీక్షకు జంకలేదు. అక్కడ చీట్లు లేవనుట నిజమే. చీట్ల సంగతి కావలెనన్న అపొస్తలుల కార్యముల మొదటి అధ్యాయములో యున్నది. యోసేపు, మత్తీయ అను ఇద్దరిలో ఎవరు ఏర్పరచబడినవారో తమకు తెలియనందుననే శిష్యులు చీట్లు వేసిరి. తెలిసియుండినయెడల వేయకపోదురు.

ఈ ప్రశ్నకంతటికి కీలు ఇక్కడనే యున్నదని నా తలంపు. ఏది మేలో రూఢిగా తెలిసియు దానిని ఒకనికిచ్చి మరియొకనికి దాచుట పాపము. అయితే తెలియని సంగతిని తెలిసినట్లు నటించి, అందరికిని ఒకే పద్ధతి చేయించుటయు నిర్దోషమైన పని కాదు. మొదటిది పాపమని అందరును ఒప్పుకొందురు. రెండవదానిని దయ అని పిలుచుచున్నారు!

మంచిదని కండ్లకు కనబడుచుండగా పరీక్ష యెందుకని ఒకరు అనవచ్చును. వినుడి. పక్షవాత రోగిని ఎంత త్వరగా మంచము దింపి నిలువబెట్టిన అంత మేలని అనేకమంది వైద్యులు నమ్మిరి. మంచముపట్టి యుండుట కీడని మనమందరము ఎరిగినదే గదా. ఆస్ట్రేలియా దేశములోని మెల్‌బోర్న్‌లో పనిచేయు జూలీ బెర్న్‌హార్డ్ట్ గారును ఆమె తోటివారును దీనిని పరీక్షింపబూనిరి. 2006 మొదలుకొని 2014 వరకు ఐదు దేశములలో, 56 ఆసుపత్రులలో, 2,104 మంది రోగులు చేరిరి. సగముమందిని 24 గంటలలోపలనే లేపి, మామూలుకంటె ఎక్కువ సార్లు, ఎక్కువ సేపు నిలువబెట్టి నడిపించిరి. మూడు నెలల తరువాత చూడగా, మామూలు చికిత్స పొందినవారిలో నూటికి 50 మంది చక్కగా కోలుకొనియుండిరి. త్వరగా, ఎక్కువగా లేపబడినవారిలో నూటికి 46 మందియే. 2015లో ఈ సంగతి ది లాన్సెట్ అను వైద్య పత్రికలో వెలువడెను. కొద్దికొద్ది సేపు తరచుగా లేపుట మంచిదని తరువాతి లెక్కలలో తోచెను. ఈ పరీక్ష జరుగనియెడల దయగల నర్సులు దయగల హృదయముతోనే కొందరికి కీడు చేయుచుండెడివారు. వారిని తప్పుపట్టువారును ఉండకపోదురు.

వెనుక మిగిలినవారికి అన్యాయము జరుగకుండ చూచు మార్గములును లేకపోలేదు. అమెరికాలో 222 మందితో మరియొక పరిశోధన జరిగెను. మంచి చేతికి దళసరి తొడుగు వేసి, మేలుకొనియున్న సమయములో నూటికి 90 వంతులు అది తీయకుండ రెండు వారములు ఉంచి, చచ్చుచేతితోనే పనులు చేయించిరి. మణికట్టులోను వ్రేళ్లలోను కొంత కదలిక యున్నవారినే చేర్చుకొనిరి. ఆ పద్ధతి ఉపయోగకరమని 2006లో ప్రకటించిరి. మొదట ఆ చికిత్స పొందని సగముమందికి ఒక సంవత్సరమైన తరువాత అదే చికిత్స చేయుటకు ముందుగానే ఏర్పాటు చేసియుండిరి.

ఇప్పుడు మన దేశపు పరిశోధన ఫలితము చెప్పవలెను. అది 2017లో అదే పత్రికలో వెలువడెను. ఆరు నెలల తరువాత, ఇంటివారికి నేర్పించిన గుంపులో నూటికి 47 మంది చనిపోయిరి, లేక ఇతరులపై ఆధారపడియుండిరి. నేర్పించని గుంపులోనూ నూటికి 47 మందియే. భేదము లేదు. ఎన్ని సంవత్సరముల ప్రయాస! ఆ వైద్యులు దానిని దాచలేదు, ముస్తాబు చేయలేదు. ఉన్నది ఉన్నట్లు అచ్చువేయించిరి. మన సంఘ నివేదికలలో కూటములకు వచ్చినవారి లెక్కలు వ్రాయునప్పుడు ఈపాటి ధైర్యము మనకుండునా అని నాకు అనిపించెను.

అయితే ఈ మాట విని, మామగారి చేయి తోముచు, నోటికి గంజి పోయుచున్న కోడలు ఏమనుకొనును? తన కష్టము వ్యర్థమని అనుకొనును గదా. అట్లు అనుకొననక్కరలేదు. ఆ పరిశోధనలో చీట్లకు లోబడినది ఆ మూడు దినముల బోధయు, రెండు నెలల వ్యాయామ క్రమమును మాత్రమే. రెండవ గుంపు రోగులకును ఇంటివారు ఉండిరి. వ్యాయామ చికిత్స కొందరికి మామూలుగానే అందుచుండెను. స్నానము చేయించుట, ఒరుపుండ్లు పడకుండ ప్రక్క త్రిప్పుట, అన్నము తినిపించుట ఏ గుంపులోనూ మానలేదు. వాటిని సగముమందికి మాన్పించి చూతమని ఎవడైన అనినయెడల వాడు వైద్యుడు కాడు. నలుగురు మనుష్యులు పక్షవాయువుగలవానిని మంచముతో మోసికొని ఇంటికప్పు విప్పి దించిరని మార్కు సువార్తలో చదువుచున్నాము. మోయవలెనా మానవలెనా అను దానికి చీట్లు అక్కరలేదు. మోసిన తరువాత ఏ వ్యాయామము, ఎంతసేపు, ఎన్నవ దినమున అనుదానికే పరీక్ష కావలెను.

కడపటి సంగతి వేలిముద్ర. పట్టణములో పెద్ద ఆసుపత్రికి పోయినప్పుడు మీ చేతికి ఇట్టి కాగితము వచ్చిన భయపడి పారిపోకుడి, చదువకయు వేలిముద్ర వేయకుడి. చదువురానివారికి నిష్పక్షపాతియైన సాక్షి యెదుట అంతయు చదివి వినిపింపవలెనని భారత వైద్య పరిశోధన మండలి 2017లో ప్రకటించిన నియమములు చెప్పుచున్నవి. చేరనన్నను, చేరి మధ్యలో మానుకొన్నను, మామూలు చికిత్స తగ్గింపకూడదు. పక్షవాతము వచ్చినవారిలో అనేకులకు మాట పడిపోవును గాని, గ్రహింపు కొంతైన మిగిలియుండవచ్చును. బేతెస్ద కోనేటియొద్ద 38 ఏండ్లనుండి పడియున్నవానిని సహితము ప్రభువు మొదట అతని యిష్టమును అడిగెను గదా. కాబట్టి కుమారుడే మాటలాడి ముగింపక, తండ్రి మంచముయొద్ద కూర్చుండి, మెల్లగా చెప్పి, ఆయన తల ఊపువరకు కనిపెట్టవలెను. స్మారకము లేనప్పుడు ఇంటివారు వేలిముద్ర వేసియుండినను, రోగికి గ్రహింపు తిరిగివచ్చిన దినమున వైద్యులు ఆయననే మరల అడుగవలెను. ఆయన వద్దన్నచో పరిశోధన అంతటితో నిలుపవలెను, చికిత్స నిలుపకూడదు.