తల్లిని చూడకుండా కొనవచ్చా?

లాబ్రడార్ పిల్ల కావాలని మా అమ్మాయి పట్టు. తల్లికుక్కను కళ్లారా చూశాకే డబ్బిస్తానన్నాను. 2017 కేంద్ర నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. 18 నెలలలోపు ఆడకుక్కకు క్రాసింగ్ చేయించకూడదు, జీవితంలో 5 ఈతలు మించకూడదు. మంచి పెంపకందారు తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రేలు చూపిస్తాడు. పగలు మీ ఇంట్లో ఎవరుంటారని మననే అడుగుతాడు.

మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట నడిచిన కుక్కది ఏ జాతి? ఆయన అడగలేదు. స్వర్గం కావాలంటే దాన్ని వదలమన్నాడు ఇంద్రుడు, నమ్ముకున్నదాన్ని వదలనన్నాడాయన. వీధికుక్కయినా, వంశవృక్షమున్న కుక్కయినా నాకు అదే కొలత. జాతి మీద మోజు పడవచ్చు. ఆ మోజు తీర్చడానికి ఏ తల్లి ఒళ్లు గుల్లయిందో కనుక్కోకుండా కొంటే మాత్రం, పాపంలో అమ్మినవాడికెంతో మనకూ అంతే.