దొంగలో మంచి

బాపట్ల దగ్గరి స్టువర్టుపురం అనగానే చాలామందికి గుర్తొచ్చేది పోలీసు కాల్పుల్లో చనిపోయిన దొంగ టైగర్ నాగేశ్వరరావు. దోచిన సొమ్ము పేదలకు పంచాడని జనం చెప్పుకుంటారు. నిజమే అనుకుందాం. అది సద్గుణమేనా? సువార్తలో సుంకరి జక్కయ్య తన ఆస్తిలో సగం బీదలకిచ్చి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. దానం సొంత సొమ్ములోంచి, పరాయిది సొంతదారుకి. ఈ కొలతకు దోపిడీదారు ఉదారత నిలవదు.

అలాగని దొంగలో మంచే లేదా? చెడ్డవాళ్లు కూడా పిల్లలకు మంచివే ఇస్తారని క్రీస్తే ఒప్పుకున్నాడు. దైవప్రేమ లేనిదే సద్గుణం పూర్తికాదన్న థామస్ అక్వినాస్ కూడా అసంపూర్ణమైన మంచికి చోటిచ్చాడు. కాబట్టి పేదల మీద ఆ దొంగ జాలి నకిలీ కాదు, సగంలో ఆగింది. క్రీస్తు పక్కన సిలువ మీది దొంగకైతే తిరిగివ్వడానికి సొమ్మూ లేదు, సమయమూ లేదు. తన శిక్ష న్యాయమేనని ఒప్పుకొని, పక్కవాడు నిర్దోషి అన్నాడు. ఆ సత్యం పలకడానికి చాలామంది మర్యాదస్తులకు నోరు రాదు.

ఇక ఒక జనాన్ని పుట్టుకతోనే దొంగలనడం మరో నేరం. బ్రిటిష్ కాలపు నేరస్థ తెగల చట్టం ఎరుకలవారిపై ఆ ముద్రే వేసింది. వారిని ఉంచిన స్టువర్టుపురం సెటిల్‌మెంటును నడిపింది సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థే. చట్టం 1952లో పోయింది. ఆ ఊరి పేరును తిట్టుగా వాడేవాళ్లు ఇకనైనా మానండి.