ఇస్సాకు నామ విచారము

హెబ్రీ భాషలో మగబిడ్డలకు పెట్టు పేర్లలో పెక్కు స్తోత్రములవలె నుండును. దానియేలనగా దేవుడు నా న్యాయాధిపతి యనియు, నతనయేలనగా దేవుడిచ్చినవాడనియు, యోహాననగా యెహోవా కరుణించెననియు నర్థము. ఆదియందో అంతమందో దైవనామము నిలిచి, ఆ బిడ్డ యెవని ప్రసాదమో లోకమునకు చాటుచుండును. ఇస్సాకు అను పేరున మాత్రము దైవనామము లేదు. హెబ్రీయులు యిత్స్‌హాక్ అని పలుకు ఈ నామము ‘నవ్వును’ అను ఒంటి క్రియాపదము. కర్త యెవరో తెలియదు; బిడ్డయా, తండ్రియా, తల్లియా, సాక్షాత్తు దేవుడేనా? పూర్వమిది దైవవాచకముతో గూడి, దేవుడు చిరునవ్వుతో కటాక్షించుగాక యను దీవెనగా నుండి, కాలక్రమమున కురుచయై యుండునని భాషావేత్తలలో కొందరి యూహ. కావచ్చును గాని, ఆదికాండములోని కథ ఆ దీవెనను ఎఱుగదు. అందలి నవ్వు వేఱు, అది యంత నిర్దోషమైనదియు గాదు.

మన పల్లెలలో పుట్టిన బిడ్డలు దక్కని తల్లిదండ్రులు పెంటయ్య యనియు, పుల్లయ్య యనియు పేర్లు పెట్టుట కలదు. ఆ పేర్లలో దాగియున్నది తల్లిదండ్రుల భయము. ఇస్సాకు పేరున నిలిచినది తల్లిదండ్రుల అపనమ్మకము. వాగ్దానమును విని నవ్విన నవ్వు, ఆ వాగ్దానము ఫలించి పుట్టిన బిడ్డకే పేరగుట యెట్లు సంభవించెను? విశ్వాసమునకు పితామహుడని మూడు మతములవారు కొనియాడు అబ్రాహాము ఇంట ఇట్టి పేరు నిలుచుట విచారింపదగిన విషయము.

ఆ నవ్వులను వరుసగా చూడవలెను. తొంబదితొమ్మిదేండ్ల వృద్ధుడైన అబ్రాహాముతో దేవుడు, నీ భార్య శారాయందు నీకొక కుమారుని కలుగజేసెదనని పలికినప్పుడు, ఆయన సాష్టాంగపడి నవ్వెను. దేహము ప్రణామము చేయుచుండగా మనస్సు నవ్వుచుండుట యెంత విచిత్రము! నూఱేండ్లవానికి బిడ్డ పుట్టునా, తొంబదియేండ్ల స్త్రీ కనునా యని లోలోపల తర్కించుకొని, ఉన్న కొడుకు ఇష్మాయేలు బ్రదికిన చాలునని పైకి మనవి చేసెను. అందులకు దేవుడు కోపింపక, కుమారుడు పుట్టుట తథ్యమనియు, వానికి ఇస్సాకని పేరు పెట్టవలెననియు చెప్పెను. నవ్విన వెంటనే ఆ నవ్వే పేరాయెను.

రెండవ నవ్వు శారాది. మమ్రేలో ఎండవేళ వచ్చిన ముగ్గురతిథులకు అబ్రాహాము పరుగుపరుగున రొట్టెలు చేయించి, లేతదూడను వండించి వడ్డించుచుండగా, ఆమె గుడారపు ద్వారమున వెనుక నిలిచి వారి మాట విని, తనలో తాను నవ్వుకొనెను. ఏల నవ్వెనని ప్రశ్న రాగా భయపడి, నవ్వలేదని బొంకెను. కాదు, నవ్వితివని ప్రత్యుత్తరము వచ్చెను. అంతటితో ఆ ప్రసంగము ముగిసినది. శిక్ష లేదు, శాపము లేదు. లూకా సువార్తలో వృద్ధుడైన జెకర్యా ఇట్టి వాగ్దానమునే శంకించి, బిడ్డకు పేరు పెట్టు దినము వఱకు మూగవాడై యుండవలసివచ్చినది. శారా సందేహమునకు మాత్రము గొంతు బిగియలేదు. మూడవ నవ్వు బిడ్డ పుట్టిన పిమ్మటిది: దేవుడు తనకు నవ్వు కలిగించెనని ఆమె సంతోషించెను. ఆ తరువాతి మాట హెబ్రీ మూలమున ద్వ్యర్థముగా నున్నది. వినినవారు తనతో గూడి నవ్వుదురనియు చెప్పవచ్చును, తన్ను చూచి నవ్వుదురనియు చెప్పవచ్చును.

భక్తులైన వ్యాఖ్యాతలకు అబ్రాహాము నవ్వు చిక్కు తెచ్చిపెట్టెను. ఓంకెలోసు పేర ప్రసిద్ధమైన అరామీ అనువాదము, ఒకే హెబ్రీ క్రియను అబ్రాహాము పట్ల ‘సంతోషించెను’ అనియు, శారా పట్ల ‘నవ్వెను’ అనియు రెండు విధముల మార్చి చెప్పినది. 1105లో గతించిన ఫ్రెంచి యూదపండితుడు రాషీ ఈ భేదమును సమర్థించి, భర్త నవ్వు ఆనందము, భార్య నవ్వు పరిహాసము అని తీర్పు చెప్పెను. ఇది పురుషపక్షపాతమని నా తలంపు. సందేహవాక్యము లిద్దరివియు నొకటే. వినయమున భర్త హెచ్చినాడనవచ్చును గాని విశ్వాసమున గాదు. ఖురానులో హూద్ అధ్యాయమున ఇబ్రాహీము భార్య మొదట నవ్వును, శుభవార్త తరువాత వచ్చును. వినకమునుపే ఏల నవ్వెనని ముస్లిము వ్యాఖ్యాతలు నానావిధములుగా చర్చించిరి. నవ్వును క్షమించుటకంటె దానికి కారణము చెప్పుట పండితులకు కష్టమైనది కాబోలు.

ఇంత నవ్వును మోసిన ఆ పురుషుని జీవితమున నవ్వు మిక్కిలి తక్కువ. మోరీయా పర్వతముపై తండ్రి అతనిని కట్టెలమీద బంధించి కత్తి యెత్తెను. యూదులు నూతన సంవత్సరపు రెండవ దినమున దేవాలయములలో ఈ ఘట్టమునే పఠింతురు, మొదటి దినమున పఠించునది అతని జననకథ. ముసలితనమున చూపు మందగించి, కడుపున పుట్టినవాడే మోసగింపగా ఆశీర్వాదము నిచ్చెను. యాకోబు తన తండ్రి దేవుని పేర్కొనుచు ‘ఇస్సాకు భయపడిన దేవుడు’ అను భావము వచ్చునట్లు పలికెను. నవ్వు పేరైనవాని దేవునికి భయము పేరగుట! అయినను గెరారులో అతడు రిబ్కాతో సరసమాడుచుండగా రాజైన అబీమెలెకు కిటికీనుండి చూచెనని చెప్పుచోట, గ్రంథకర్త వాడిన క్రియ ఆ నవ్వు ధాతువుదే. అబ్రాముడు అబ్రాహామాయెను, యాకోబు ఇశ్రాయేలాయెను. మూలపురుషులలో పేరు మారనివాడు ఇస్సాకొక్కడే.

ఈ పేరు వ్యాపించిన దారియు సుగమము గాదు. యూదులలో ఇది యెన్నడును వాడుక తప్పలేదు. 16వ శతాబ్దమున సఫేదు నగరమున గుహ్యవిద్యకు నూతనరూపమిచ్చిన ఇస్సాకు లూరియా ఆ పరంపరలోనివాడు. మతసంస్కరణానంతరము ఇంగ్లండులోని ప్రొటెస్టెంటులు పాతనిబంధన పేర్ల నాదరించిరి. న్యూటను మహాశయుని తండ్రి పేరును ఐజాకే; ఆయన గతించిన మూడు మాసములకు 1642లో పుట్టిన బిడ్డకు ఆ పేరే వచ్చెను. జర్మనీలో మాత్రము దీని కురుచరూపమైన ఇట్సిగ్ యూదులను ఎగతాళి చేయు మాటగా దిగజారెను. నవ్వు పేరైనవానిని చూచి లోకము నవ్వినది. శారా వాక్యములోని రెండవ యర్థము ఫలించినట్లాయెను. 1938లో నాజీ ప్రభుత్వము, యూదులని తెలియజేయు పేరులేని పురుషులందఱు ఇశ్రాయేలనియు, స్త్రీలు సారా యనియు అదనపు నామము చేర్చుకొనవలెనని శాసించి, నవ్విన తల్లి పేరును కళంకముద్రగా వాడెను. పిమ్మట వెలసిన ఇశ్రాయేలు రాజ్యమున నేటివఱకు అధ్యక్షులలో మువ్వురు, ప్రధానమంత్రులలో ఇరువురు యిత్స్‌హాకులే. తెలుగునాట క్రైస్తవులు ఇస్సాకు, ఐజాక్ అనియు, ముస్లిములు ఇస్‌హాక్ అనియు పిలుచుకొందురు. ఒకే వీథిలో నివసించు ఈ నామధారులకు తమ పేరొకటేనని తెలియకుండుటయు కలదు.

యూదుల తల్ముదులో షబ్బాతు ప్రకరణమున ఈ నామమునకు తగిన కథ యొకటి కలదు. ప్రజలు పాపము చేసిరని దేవుడు అబ్రాహాముతోను యాకోబుతోను మొఱపెట్టగా, నీ నామపవిత్రతకై వారు తుడిచివేయబడుదురుగాక యని ఇద్దరును పలికిరి. ఆ మాట దేవునికి రుచింపలేదు. ఇస్సాకు మాత్రము, వారు నా బిడ్డలేనా, నీ బిడ్డలు గారా యని ఎదురుప్రశ్న వేసి లెక్క కట్టనారంభించెను. మనుష్యాయువు డెబ్బదియేండ్లు, ఇరువది నిండువఱకు నీవు శిక్షింపవు గనుక మిగిలినవి యేబది, అందు సగము రాత్రులు, తక్కిన యిరువదియైదింట సగము ప్రార్థన, భోజనము, కాలకృత్యములు. నికరముగా నిలిచినవి పండ్రెండున్నర. అన్నిటిని నీవే భరింతువా, సరి. లేదా సగము నీవు, సగము నేను. అన్నియు నామీదనే వేయుదువా, నా ప్రాణమును ఇదివఱకే మోరీయాలో నీకర్పించితిని గదా! అది విని ప్రజలందఱు, నీవే మా తండ్రివని అతనికి జోతలిడిరట. కొడుకును బలియిచ్చుటకు సిద్ధపడిన అబ్రాహాము ఆడనేరని బేరమును ఆ కొడుకే యాడెను. సంతబేరమువలె నున్నదని గంభీరులైన పండితులు ముఖము చిట్లించుకొన్న చిట్లించుకొందురుగాక, నాకు మాత్రము ఇస్సాకను నామమునకు ఇంతకంటె మంచి భాష్యము కనబడలేదు.